పండక శబ్దం: ఒక వినయ పదానికి కాలం కట్టిన అర్థాలు

వినయపిటకంలోని మహావగ్గాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకుడు మొదటి ఖంధకంలో ఒకచోట కలం ఆపక తప్పదు. ప్రవ్రజ్యకూ ఉపసంపదకూ అర్హులు కానివారిని పేర్కొనే ఆ భాగంలో ‘పండక’ అనే పదం వస్తుంది. సంస్కృత కోశం తెరిస్తే దానికి ‘నపుంసకుడు’ అని ఉంటుంది. పాత ఆంగ్లానువాదంలో ‘యూనక్’ అని, అంటే బీజాలు తొలగింపబడినవాడని ఉంటుంది. గత శతాబ్దం చివరినాటి పరిశోధన వ్యాసాల్లో అదే పదం స్వలింగ ఆకర్షణ గలవారిని సూచిస్తుందని కనిపిస్తుంది. ఇటీవలి గ్రంథాల్లో ‘క్వియర్’ అనే మాట ఎదురవుతుంది. ఈ నాలుగు మాటలు సూచించే మనుషులు ఒకరు కారు. మూలంలో ఉన్న పదం మాత్రం ఒక్కటే.

ఇది నిఘంటుకారులకు మాత్రమే పట్టే చిక్కు కాదు. వినయంలో ఈ పదం ద్వారం మీద రాసిన పదం. చేతులు జోడించి ప్రవ్రజ్య కోరే అభ్యర్థిని లోనికి రానివ్వాలా వద్దా అని ఒక ఉపాధ్యాయుడు ఆలోచించేటప్పుడు, తన చేతిలోని అనువాదం ఏ మాట వాడిందో దాన్ని బట్టి ఆయన నిర్ణయం మారవచ్చు. పదం తప్పితే మూలం మూయని ద్వారాన్ని మనం మూసినవారమవుతాం, లేదా మూలం విధించిన నియమాన్ని మనమే చెరిపినవారమవుతాం. అందువల్ల ఈ పదం ఏ కాలంలో ఏ అర్థం ధరించిందో, ఎందుకు ధరించిందో తెలుసుకోవడం భిక్షువులకూ పరిశోధకులకూ సమానంగా అవసరం.

వినయంలో ఉన్నదీ లేనిదీ

మహావగ్గంలోని నిదానకథ చిన్నది. ఒక పండకుడు భిక్షువులలో ప్రవ్రజ్య పొందాడు. అతడు మొదట యువ భిక్షువులను, తరువాత సామణేరులను, ఆ తరువాత ఏనుగుల సంరక్షకులను, గుర్రాల సంరక్షకులను తనతో కామకృత్యానికి రమ్మని అడిగాడు. భిక్షువులు, సామణేరులు అతణ్ణి తరిమివేశారు. ఏనుగుల సంరక్షకులు, గుర్రాల సంరక్షకులు మాత్రం అందుకు ఒప్పుకొని, ఆపైన శాక్యపుత్రీయ శ్రమణులందరూ ఇటువంటివారేనని బయట నిందించారు. ఆ మాట భిక్షువుల చెవిన పడి, వారి ద్వారా బుద్ధుని వద్దకు చేరింది. అప్పుడు నియమం ఏర్పడింది: పండకునికి ఉపసంపద ఇవ్వరాదు, ఇచ్చి ఉంటే తొలగించాలి.

ఇందులో రెండు విషయాలు గమనించదగ్గవి. మొదటిది, నియమం స్పష్టమైనది. అది లేనట్లు వ్యాఖ్యానించడం మూలానికి అన్యాయం. రెండవది, కథలో పండకుని ప్రవర్తన చెప్పబడింది, సంఘానికి కలిగిన అపకీర్తి చెప్పబడింది, కానీ పండకుడంటే ఎవరో నిర్వచింపబడలేదు. నాటి శ్రోతలకు ఆ పదం తెలిసినదే కాబట్టి వివరణ అవసరం పడలేదు. ఆ పరిచయం పోయిన తరువాత పుట్టినవే వివరణలన్నీ.

వినయంలోని ఇతర భాగాలు కొంత వెలుగునిస్తాయి. మొదటి పారాజికను వివరించేచోట స్త్రీ, ఉభతోబ్యంజనకుడు, పండకుడు, పురుషుడు అని నాలుగు విభాగాలున్నాయి. ప్రతి విభాగంలోనూ మనుష్య, అమనుష్య, తిర్యక్ భేదాలతో పన్నెండు లెక్కకు వస్తాయి. వీరిలో ఎవరితో మైథునం జరిపినా భిక్షువుకు దోషం పారాజికమే. ఆకర్షణ ఏ దిశగా ఉన్నదన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. రెండవ సంఘాదిసేసంలో మాత్రం తారతమ్యం ఉంది. రాగచిత్తంతో స్త్రీని తాకితే సంఘాదిసేసం, పండకుణ్ణి తాకితే థుల్లచ్చయం, పురుషుణ్ణి తాకితే దుక్కటం. వినయధరుల దృష్టిలో పండకుడు స్త్రీకీ పురుషునికీ నడుమ ఒక స్థానంలో ఉన్నాడని ఈ తారతమ్యం తెలుపుతుంది. అంటే ఈ పదం ఒక అలవాటును గాని, ఒక కోరికను గాని మాత్రమే సూచించేది కాదు. అది మనుషులను వర్గీకరించే నాలుగు గదులలో ఒక గది.

బుద్ధఘోషుని ఐదు భేదాలు

క్రీస్తుశకం 5వ శతాబ్దంలో ఆచార్య బుద్ధఘోషుడు సింహళంలో సమంతపాసాదికను రచించేనాటికి ఈ పదానికి వివరణ తప్పనిసరి అయింది. ఆయన పండకులను ఐదు రకాలుగా చెప్పాడు. అన్యుల శుక్రసేచనంతో కామదాహం చల్లారేవాడు ఆసిత్త పండకుడు. ఇతరుల సంగమాన్ని చూచి, ఈర్ష్య కలిగి, దానితోనే దాహం చల్లారేవాడు ఉసూయ పండకుడు. ఉపక్రమం వల్ల, అంటే మానవ ప్రయత్నం చేత, బీజాలు కోల్పోయినవాడు ఓపక్కమిక పండకుడు. అకుశల కర్మవిపాకం వల్ల కృష్ణపక్షంలో పండకుడై, శుక్లపక్షంలో దాహం శమించేవాడు పక్ఖ పండకుడు. గర్భంలో పడిన నాటినుండే స్త్రీపురుష భావం లేనివాడు నపుంసక పండకుడు.

ఈ జాబితా విహారంలోనే పుట్టినది కాదని వైద్యగ్రంథాలు సూచిస్తాయి. సుశ్రుతసంహిత శారీరస్థానంలో ఆసేక్య, సౌగంధిక, కుంభీక, ఈర్ష్యక, షండ అనే ఐదు భేదాలున్నాయి. బుద్ధఘోషుని ఆసిత్తానికి ఆసేక్యం, ఉసూయకు ఈర్ష్యకం దగ్గరగా ఉన్నాయి. నాటి వైద్యుల పరిభాషా వినయధరుల పరిభాషా ఒకదానినొకటి తాకుతూ సాగాయని చెప్పవచ్చు. అనగా మహావగ్గ కథలో ప్రవర్తనగా కనిపించిన విషయం అట్ఠకథకు వచ్చేసరికి దేహ లక్షణంగా, పుట్టుకగా, కర్మవిపాకంగా విస్తరించింది. పదం అదే, దాని కింద చేరిన మనుషులు మారారు.

అంతకంటె ముఖ్యమైన మాట ఆ వివరణ చివర ఉంది. ఈ ఐదుగురిలో ఆసిత్త, ఉసూయ పండకుల ప్రవ్రజ్య వారింపబడలేదు, మిగిలిన ముగ్గురిదే వారింపబడింది. ఆ ముగ్గురిలోనూ పక్ఖ పండకునికి, అతడు పండకుడై ఉండే పక్షంలో మాత్రమే నిషేధం. ఈ నిర్ణయాన్ని బుద్ధఘోషుడు ‘కురుందీ’ అనే ప్రాచీన అట్ఠకథ పేరుతో ఉదాహరించాడు. ఈ ఒక్క వాక్యాన్ని దృష్టిలో ఉంచుకుంటే ‘పండకుడు అంటే స్వలింగ ఆకర్షణ గలవాడు, కాబట్టి అతనికి ప్రవ్రజ్య లేదు’ అనే సమీకరణం నిలువదు. పురుషునితో కామకృత్యం ప్రస్తావనకు వచ్చే ఆసిత్త భేదానికే ఈ నిర్ణయం ద్వారం తెరిచి ఉంచింది. బీజాలు లేని ఓపక్కమికునికి మూసింది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక ఆత్మీయమైన విషయం కూడా ఉంది. సమంతపాసాదిక రచనలో బుద్ధఘోషుడు సంప్రదించిన ప్రాచీన వ్యాఖ్యలలో మహాఅట్ఠకథ, మహాపచ్చరి, కురుందీలతోబాటు ‘అంధకట్ఠకథ’ ఒకటి. పేరును బట్టి దానిని ఆంధ్రదేశానికి చెందిన వినయ వ్యాఖ్యగా పండితులు భావిస్తారు. దాని అభిప్రాయాలను బుద్ధఘోషుడు కొన్నిచోట్ల స్వీకరించాడు, కొన్నిచోట్ల తిరస్కరించాడు. వినయ పదాల అర్థం మీద వాదించడం ఈ నేలకు కొత్త కాదు. ప్రాచీనులు కూడా ఒక పదాన్ని ఒకే అర్థానికి కట్టివేయక, ఎవరి మాట ఏదో పేరు పెట్టి చెప్పి, దానిపై నిర్ణయించారు.

ఉత్తరాదిన సంస్కృతంలో సాగిన అభిధర్మ సంప్రదాయంలో పదం మరొక దారి పట్టింది. వసుబంధుని అభిధర్మకోశభాష్యంలో షండ, పండక, ఉభయవ్యంజనులకు సంవరం కలుగదని ఉంది. అందుకు ఆయన చూపిన కారణాలు దేహానికి సంబంధించినవి కావు. ఉభయుల క్లేశాలూ వారిలో అధికమని, వాటిని ఎదుర్కొనే విచారశక్తి కొరవడుతుందని, హ్రీ అపత్రాప్యాలు తీవ్రంగా ఉండవని ఆయన వాదం. వినయంలో సంఘ కీర్తికి సంబంధించిన మాట, అట్ఠకథలో దేహానికి సంబంధించినదై, కోశంలో చిత్తానికి సంబంధించినది అయింది. ఆధునిక యుగం రాకమునుపే, బౌద్ధ వాఙ్మయం లోపలే, ఈ పదం మూడు అర్థాల గుండా నడిచింది.

లింగం, భావం, వేదం

ప్రాచీన భారతీయ భాషలలో దేహం, ప్రవర్తన, కోరిక అనేవి వేరు చేయబడలేదని, ఆ వివేకం ఆధునికులదేనని కొందరు అనుకుంటారు. గ్రంథాలు అలా చెప్పడం లేదు.

ధమ్మసంగణి స్త్రీంద్రియాన్ని వివరించేటప్పుడు లింగం, నిమిత్తం, కుత్తం, ఆకప్పం అని నాలుగు మాటలు వాడుతుంది. లింగం అంటే ఆకారపు గుర్తు, నిమిత్తం అంటే గుర్తించే చిహ్నం, కుత్తం అంటే చేష్ట, ఆకప్పం అంటే నడక, కూర్చోవడం మొదలైన తీరు. ఆ తరువాత స్త్రీత్వం, స్త్రీభావం అనే మాటలు వస్తాయి. పురుషేంద్రియానికీ ఇదే వరుస. దేహ చిహ్నం ఒకటి, నడవడి ఒకటి అని విడదీసి చెప్పగల పరిభాష అభిధమ్మానికి ఉందని దీనివల్ల తెలుస్తుంది. అయితే అది ఈ రెండింటినీ ఒకే ఇంద్రియం నుండి పుట్టినవిగా భావించింది. నేటి ‘జెండర్’ చర్చ వేరుపడేది అక్కడే.

జైనులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. వారి కర్మసిద్ధాంతంలో స్త్రీవేదం, పుంవేదం, నపుంసకవేదం అని మూడు కామవృత్తులున్నాయి. దేహ లింగం ఒకటై, వేదం మరొకటి కావచ్చునని వారు అంగీకరించారు. పురుష దేహంలో స్త్రీవేదం ఉండవచ్చు. నేడు ‘లైంగిక ధోరణి’ అని మనం కొత్తగా కూర్చుకున్న మాటకు భారతీయ దర్శనాలలో అత్యంత సమీపమైనది ఈ వేద భావన అనుకోవచ్చు. సమీపమైనది మాత్రమే, సమానమైనది కాదు. జైనులకు అది నశింపజేయవలసిన మోహనీయ కర్మ, నేటివారికి అది వ్యక్తి స్వభావంలో భాగం.

ఇక వినయంలోనే లింగం మారిన ఘట్టాలున్నాయి. మొదటి పారాజిక చివర ఇచ్చిన ఉదాహరణలలో ఒక భిక్షువుకు స్త్రీలింగం ప్రాదుర్భవించిందని, మరొకచోట ఒక భిక్షుణికి పురుషలింగం ప్రాదుర్భవించిందని ఉంది. బుద్ధుని నిర్ణయం ఆలోచింపదగినది. అదే ఉపాధ్యాయత్వం, అదే ఉపసంపద, అవే వర్షావాసాల లెక్క కొనసాగుతాయి. వారు భిక్షుణులతో లేదా భిక్షువులతో చేరితే చాలు, మళ్ళీ దీక్ష అక్కరలేదు. రెండు సంఘాలకూ సమానమైన ఆపత్తులకు చేరిన చోట పరిహారం చేసుకోవాలి, సమానం కానివాటి నుండి విముక్తి లభిస్తుంది. దేహ చిహ్నం మారినా సాధకుని ఆయుష్షు, సీనియారిటీ, సంఘంతో బంధం తెగలేదు. ధమ్మపద అట్ఠకథలోని సోరేయ్య వృత్తాంతం కూడా ఈ కోవలోదే. మహాకచ్చాయన థేరుని దేహకాంతిని చూచి అనుచితంగా తలచిన శ్రేష్ఠి కుమారుడు స్త్రీగా మారి, తక్షశిలలో ఇద్దరు కొడుకులను కని, థేరుణ్ణి క్షమాపణ వేడిన తరువాత తిరిగి పురుషుడై, ప్రవ్రజించి అర్హత్వం పొందాడని ఆ కథ. అతనికి తండ్రిగా ఇద్దరు, తల్లిగా ఇద్దరు పిల్లలు.

పండకునికి మూసిన ద్వారమూ, లింగం మారిన భిక్షువుకు తెరిచి ఉంచిన ద్వారమూ ఒకే పిటకంలో ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి ‘ట్రాన్స్‌జెండర్’ అనే ఒక్క నేటి మాట కింద చేర్చితే, వినయం రెండుగా చూసినదాన్ని మనం ఒకటిగా చూపినట్లవుతుంది.

దేశాంతరాలలో ఈ పదం

చైనా అనువాదకులు పండక శబ్దానికి ‘హువాంగ్‌మెన్’ అనే మాటను వాడారు. ఆ మాటకు అక్షరార్థం ‘పసుపు ద్వారం’. హాన్ వంశ కాలంలో అది రాజప్రాసాద సేవకుల పదవికి పేరు, క్రమంగా అంతఃపురంలోని బీజరహితులైన సేవకులకు పేరైంది. తమ దేశంలో కనిపించే మనుషులను బట్టి వారు ఆ మాటను ఎంచుకున్నారు. దానితో పండక భేదాలలో ఒక్క ఓపక్కమికమే ముందుకు వచ్చి నిలిచింది. 7వ శతాబ్దంలో జువాన్‌జాంగ్ వంటి అనువాదకులు పండక, షండ శబ్దాలను ధ్వని ప్రకారమే చైనా లిపిలోకి దింపారు. సమానార్థకం దొరకనప్పుడు మూల పదాన్నే నిలిపి వివరించడం ఆనాటికే ఒక అనువాద నీతిగా ఉంది. టిబెట్‌లో ‘మానింగ్’ అనే మాట స్థిరపడి, వైద్యశాస్త్రంలో కూడా స్త్రీపురుషేతర వర్గానికి పేరుగా వాడుకలోకి వచ్చింది.

ఆంగ్లంలో రీస్ డేవిడ్స్, ఓల్డెన్‌బర్గ్ పండితులు 1881 నుండి 1885 వరకు మూడు సంపుటాలుగా వెలువరించిన వినయానువాదంలో ‘యూనక్’ వచ్చింది. 1938లో తన వినయానువాదాన్ని ప్రారంభించిన ఐ.బి. హార్నర్ కూడా దానినే నిలిపారు. లైంగిక విషయాలు స్పష్టంగా ఉన్న కొన్ని భాగాలను ఆమె అనువదించక పాళీలోనే అనుబంధంగా ఉంచారు. మాటను ఎంచుకోవడంలోనే కాదు, మాట్లాడకుండా ఉండడంలోనూ కాలం ముద్ర కనిపిస్తుంది.

స్వలింగ ఆకర్షణను సూచించే ‘హోమోసెక్సువల్’ అనే పదం 1869లో జర్మన్ భాషలో కెర్ట్‌బెనీ రచనలో మొదటిసారి అచ్చయింది. ఆ మాట వెంట ఒక కొత్త భావన వచ్చింది: మనిషి చేసే పనిని బట్టి కాక, అతని ఆకర్షణ దిశను బట్టి అతడు ఒక రకానికి చెందినవాడనే భావన. ఆ భావన బౌద్ధ పరిశోధనలోకి ఆలస్యంగా వచ్చింది. 1992లో హోసే కబెజోన్ సంపాదకత్వంలో వెలువడిన వ్యాససంపుటిలో లెనార్డ్ జ్విల్లింగ్ పండక శబ్దాన్ని స్వలింగ ఆకర్షణ దృష్టితో చర్చించాడు. 2003లో జానెట్ గ్యాట్సో దానిని స్త్రీపురుష ద్వంద్వానికి ఇమడని మూడవ వర్గంగా విశ్లేషించింది. 2017లో కబెజోన్ తన బృహద్గ్రంథంలో ‘క్వియర్’ అనే మాటను వాడాడు. ఈ ముగ్గురూ మూలాన్ని లోతుగా చదివినవారే. అయినా ప్రతి తరమూ తన చేతిలో ఉన్న మాటతోనే పాత పదాన్ని కొలిచింది. కొలమానం మారినప్పుడల్లా కొలత మారింది.

తెలుగులో మన మాటలు

తెలుగు ఈ మార్పులకు అతీతం కాదు. అమరకోశం చదివిన పూర్వులకు తృతీయాప్రకృతి, షండుడు, క్లీబుడు, పండుడు, నపుంసకుడు అన్నవి పర్యాయపదాలు. వాటిలో క్లీబ శబ్దం నుండి వచ్చిన ‘క్లైబ్యం’ పిరికితనానికి పేరైంది. ‘నపుంసకుడు’ అన్న మాటను నేటికీ పౌరుషం లేనివాడని నిందించేందుకు వాడుతున్నారు. విరాటపర్వ కథ తెలిసినవారికి బృహన్నల ప్రసక్తిలో వచ్చే ‘పేడి’ శబ్దం పరిచితం. ఉర్దూ ద్వారా ‘హిజ్రా’ వచ్చింది. తెలంగాణ జాతర్లలో ‘శివసతులు’ అనే మాట భక్తిసంబంధమైన గౌరవాన్ని మోస్తుంది. వీధిలో వినిపించే మరికొన్ని మాటలు అవమానాన్ని తప్ప దేనినీ మోయవు. ఒకే వర్గానికి శాస్త్రం ఇచ్చిన పేరు, భక్తి ఇచ్చిన పేరు, వీధి ఇచ్చిన పేరు వేరువేరుగా ఉన్నప్పుడు, అనువాదకుడు ఏ పేరు ఎంచుకున్నా దాని వెంట ఆ స్థలం కూడా వస్తుంది.

చట్టపు భాష కూడా ఇలాగే మారింది. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం ‘యూనక్’లనే పేరుతో మనుషుల పట్టికలు తయారు చేయించింది. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, అదే పేరుతో ఒక చట్టం వచ్చింది. స్త్రీవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా నిర్బంధించే అధికారం దానిలో ఉండేది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. పాళీ వినయాన్ని ఆంగ్లీకరించిన పండితులు వాడిన మాటా, పట్టిక రాసిన అధికారి వాడిన మాటా ఒకే యుగానికి చెందినవి. అందువల్ల ఆ మాటను నేడు వినయ గ్రంథంలో చూచిన పాఠకునికి, మూలంలో లేని నేరం వాసన తగులుతుంది.

నేపాల్ సర్వోన్నత న్యాయస్థానం 2007లోను, భారత సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పులోను స్త్రీపురుషేతర గుర్తింపును అంగీకరించాయి. నల్సా తీర్పు తన చారిత్రక భాగంలో తృతీయ ప్రకృతి, నపుంసక వంటి ప్రాచీన పదాలను స్మరించింది. 2018 సెప్టెంబర్ 6న పెద్దల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు ప్రకటించింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఈ విషయాలకు సంబంధించిన గౌరవప్రదమైన పదసూచిని గెజెట్‌లో ప్రచురించింది. తెలుగు పత్రికల్లో అప్పటివరకు ఎక్కువగా కనిపించిన ‘స్వలింగ సంపర్కం’ అనే మాట పక్కన ‘స్వలింగ ఆకర్షణ’, ‘లైంగిక ధోరణి’, ‘ట్రాన్స్‌జెండర్’ వంటివి చేరాయి. మొదటి మాట ఒక క్రియను చెబుతుంది, తరువాతివి మనిషిని చెబుతాయి. బ్రహ్మచర్యం పాటించే భిక్షువుకు ఈ భేదం చిన్నది కాదు. క్రియ లేకున్నా ఆకర్షణ ఉండవచ్చు. వినయం శిక్షించేది క్రియనే.

తెలుగు వ్యాకరణం ఇంకొక చిక్కు తెస్తుంది. సంస్కృత పాళీ భాషలకు మూడు లింగాలు. తెలుగుకు చిన్నయసూరి వంటి వైయాకరణులు చెప్పిన విభాగం మహత్తు, మహతి, అమహత్తు అని. ఏకవచన క్రియలో పురుషునికి ‘వచ్చాడు’, స్త్రీకీ వస్తువుకూ ‘వచ్చింది’. బహువచనంలో మనుషులందరికీ ‘వచ్చారు’, మిగిలినవాటికి ‘వచ్చాయి’. కనుక పాళీలో పుంలింగ ప్రత్యయంతో ఉన్న పండక శబ్దాన్ని ‘పండకుడు వచ్చాడు’ అని తెలిగిస్తే అతడు పురుషుడేనని మన వ్యాకరణం తీర్పు చెప్పేస్తుంది, వినయం మాత్రం అతణ్ణి పురుషుని నుండి వేరు గదిలో ఉంచింది. పైన మహావగ్గ కథ చెప్పేటప్పుడు మేమూ ఆ ప్రత్యయం నుండి తప్పించుకోలేకపోయాం. బహువచన గౌరవంలో మాత్రం ఈ చిక్కు విడిపోతుంది. ‘వారు’ అన్నప్పుడు తెలుగు స్త్రీపురుషులను విడదీయదు, మనిషిని మనిషిగానే చూస్తుంది.

అనువాదకులకూ, సూచికకారులకూ, ఉపాధ్యాయులకూ

ఈ పరిశీలన నుండి కొన్ని ఆచరణ సూత్రాలు వస్తాయి.

మొదటిది, వినయ మూలంలో పండక, ఉభతోబ్యంజనక శబ్దాలను అలాగే నిలిపి, మొదటిసారి వచ్చినచోట వివరణ ఇవ్వడం మేలు. ధర్మం, సంఘం, నిర్వాణం వంటి మాటలకు సమానార్థకాలు వెదకక నిలుపుకున్నట్లే ఇదీ. పాఠకునికి ఒక కొత్త పదం నేర్వవలసిన శ్రమ కలుగుతుంది, కానీ తప్పు మనిషి మీద నియమం పడే ప్రమాదం తప్పుతుంది.

రెండవది, వివరణ ఏ శ్రేణికి చెందిందో చెప్పాలి. మహావగ్గం చెప్పింది ఇది, కురుందీ పేరుతో సమంతపాసాదిక చెప్పింది ఇది, అభిధర్మకోశం చెప్పింది ఇది, ఆధునిక పండితులు ఊహించింది ఇది అని పొరలు విడదీసి చూపాలి. ఒక పొరలోని మాటను ఇంకొక పొరకు ఆరోపించినప్పుడే చాలా అపోహలు పుట్టాయి.

మూడవది, తాళపత్ర సూచికలలోను, ప్రదర్శనశాలల వివరణ పలకలలోను పాత సూచికకారులు వాడిన అవమానకర పదాలు కనిపిస్తే వాటిని చెరిపివేయరాదు. పాత శీర్షిక పాత శీర్షికగానే నమోదై ఉండాలి, లేకుంటే ఆ పత్రాన్ని రేపటి పరిశోధకుడు వెదకి పట్టలేడు. దాని పక్కన నేటి వివరణ పదం చేర్చాలి. చరిత్రకు సాక్ష్యం, నేటి మనిషికి గౌరవం, రెండూ ఈ విధంగా నిలుస్తాయి.

నాలుగవది, నేడు జీవించి ఉన్నవారి గురించి రాసేటప్పుడు వారు తమను ఏ పేరుతో పిలుచుకుంటారో ఆ పేరే వాడాలి. పండక శబ్దాన్ని నేటి ఏ సముదాయానికీ పేరుగా అంటగట్టరాదు. 5వ శతాబ్దపు ఐదు భేదాలలో ఏదీ నేటి సముదాయాలలో దేనితోనూ పూర్తిగా సరిపోదు.

చివరిది ఉపాధ్యాయులకు. ప్రవ్రజ్య విషయంలో తుది నిర్ణయం సంఘానిది, ఈ వ్యాసానిది కాదు. అయితే ఉపసంపద సమయంలో అభ్యర్థిని అడిగే ప్రశ్నలు వినయంలో నిర్దిష్టంగా ఉన్నాయి. రోగాలు, మనుష్యత్వం, పురుషత్వం, ఋణం, రాజసేవ, తల్లిదండ్రుల అనుమతి, వయస్సు, పాత్రచీవరాలు అందులోనివి. ఎవరి పట్ల ఆకర్షణ కలదన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. మొదట ఈ ప్రశ్నలను సంఘమధ్యంలో అడిగినప్పుడు అభ్యర్థులు సిగ్గుతో జవాబు చెప్పలేకపోయారని, అందువల్ల ముందుగా వేరుచోట బోధించి ఆపైన సంఘంలో అడగాలని బుద్ధుడు అనుమతించాడని మహావగ్గమే చెబుతుంది. అభ్యర్థి సిగ్గును లెక్కలోకి తీసుకున్న నియమం అది. అడగని ప్రశ్నను అనువాదంలోని ఒక్క పదం ద్వారా మనం అడుగుతున్నామేమో, ఆ సిగ్గును మనమే తిరిగి కలిగిస్తున్నామేమో, ప్రతి ఉపాధ్యాయుడూ గ్రంథం తెరిచేముందు చూసుకోవలసిన విషయం.